127.0.0.53 అంటే ఎవరండీ?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నేను పెరంబూరులో ఉంటాను. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి నా పాత లాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఒక లినక్స్) వేసిపెట్టి ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాడు. పోయిన నెల నెట్ సరిగా రావడం లేదని కేబుల్ కుర్రవాణ్ణి పిలిస్తే, రౌటర్‌లో ఏదో మార్చి "డీఎన్ఎస్ మాత్తిట్టేన్ సార్, ఇక 8.8.8.8" అని, అంటే డీఎన్ఎస్ మార్చేశానని, అన్నాడు. నిజమో కాదో చూద్దామని, ఒక వీడియోలో చెప్పినట్టు ఈటీసీ ఫోల్డర్‌లో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు తెరిచాను. అందులో 8.8.8.8 లేదు. 127.0.0.53 అని ఉంది. ఇదెవరు? వైరస్సా? పైగా నా పెన్షన్ పడే బ్యాంకు సైటు ఫోన్‌లో తెరుచుకుంటోంది, లాప్‌టాప్‌లో తెరుచుకోవడం లేదు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. అసలు నా కంప్యూటర్ ఏ డీఎన్ఎస్ వాడుతోందో తెలుసుకునేదెలా?

జవాబు: మాస్టారూ, ముందు ఇవాళ రాత్రి హాయిగా నిద్రపోండి. ఆ 53 వైరస్ కాదు, మీ లాప్‌టాపే. 127తో మొదలయ్యే నంబర్లన్నీ ఎవరి కంప్యూటర్‌కు వాళ్ల సొంతం. ఆ నంబరుకు పంపిన మాట మీ ఇంటి గడప కూడా దాటదు. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని నంబరు వెతికి చెప్పే ఏర్పాటు, 8.8.8.8 గూగుల్ వాళ్లు నడిపే అలాంటి డీఎన్ఎస్. ఆ ప్రశ్నలు వెళ్లే పోర్టు (కంప్యూటర్‌లో ఒక్కో పనికి ఒక్కో తలుపు లాంటిది) నంబరు కూడా 53 కాబట్టి, గుర్తుండేలా చివర అదే పెట్టినట్టున్నారు.

ఫైలు అబద్ధం చెప్పలేదు. కేబుల్ అబ్బాయి కూడా బహుశా చెప్పలేదు. మద్రాసులో ఉంటున్నారు కనుక మీకు ఇది చెప్పడం తేలిక. చూళైమేడులో మా ఇంటి గేటు మీద రెండు నంబర్లుంటాయి, ఓల్డ్ నంబర్ ఒకటి, న్యూ నంబర్ ఒకటి. మీ వీధిలోనూ ఇదే గోల ఉంటుంది. కొరియర్ అబ్బాయి వస్తే ముందు వేపచెట్టు కింద ఇస్త్రీ బండాయన్ని అడుగుతాడు. ఆయనకు తెలిస్తే చెబుతాడు. తెలియకపోతే బండి దగ్గర నుంచే పాలబూత్ వాళ్లకు కేకేస్తాడు. వాళ్లకూ తెలియకపోతే పోస్ట్‌మ్యాన్ వచ్చేదాకా ఆగమంటారు. చివరికి ఇల్లు దొరికాక ఎవరు చెప్పారని కొరియర్ అబ్బాయిని అడగండి, "ఇస్త్రీ ఆయన" అంటాడు. వెనకాల పాలబూత్, పోస్ట్‌మ్యాన్ ఉన్నారని వాడికి తెలియదు, అక్కర్లేదు కూడా.

మీ ఉబుంటులో ఆ ఇస్త్రీ ఆయన పేరు సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్. 127.0.0.53 దగ్గర కూర్చుని ఉంటాడు. బ్రౌజర్ గానీ మరో ప్రోగ్రామ్ గానీ "ఈ సైటు నంబరెంత?" అని అడిగితే, తనకు గుర్తుంటే చెబుతాడు, లేకపోతే బయట అడిగి చెబుతాడు. అడిగి తెచ్చిన ప్రతి జవాబుతోపాటు దాన్ని ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో కూడా వస్తుంది. అంతవరకే గుర్తుపెట్టుకుంటాడు. మా వీధి ఇస్త్రీ ఆయనకు ఆ గడువు లేదు. మా మేడ మీద అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లాక కూడా రెండు నెలలు వాళ్ల పార్సిళ్లు మా గుమ్మంలోకే పంపాడు. ఉబుంటులో 18.04 నాటికే ఈ ఏర్పాటు ఉంది. ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో 2020లో వచ్చిన 33వ విడుదలతో మొదలైంది. అంతకుముందు కొన్నేళ్లు ఉబుంటులో 127.0.1.1 కనబడేది. అప్పుడు కూర్చున్నది డీఎన్ఎస్‌మాస్క్ అనే మరొకాయన.

ఇక అసలు సంగతి. ఇస్త్రీ ఆయన ఎవరిని అడుగుతున్నాడో చూడాలంటే టెర్మినల్ తెరిచి ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ అని కొట్టండి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, రెండు మాటల మధ్య ఒక ఖాళీ వదలాలి. మీరు తెలుగు మాస్టారు కనుక వర్ణక్రమం సంగతి ఒకటి చెప్పాలి: ఫైలు పేరులో వీ తర్వాత ఈ లేదు, కమాండులో మాత్రం ఉంది. ఈ ఒక్క అక్షరం దగ్గర పడ్డవాళ్లు లెక్కలేనంతమంది, నేనూ పడ్డాను. ఇంకో చిత్రం చెప్పనా, మీరు తెరిచిన ఫైల్లోనే, పైన హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసల్లో, ఈ కమాండు కొట్టి చూడమని రాసే ఉంటుంది. హ్యాష్ ఉంటే మనకు కాదులే అని అందరం దాటేస్తాం.

కమాండు కొడితే రెండు మూడు భాగాలు వస్తాయి. మొదట గ్లోబల్ అని ఉంటుంది, అది ఇంట్లో చాలావరకు ఖాళీయే. తర్వాత లింక్ 2, లింక్ 3 అంటూ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో భాగం. డబ్ల్యూ-ఎల్‌తో మొదలయ్యే పేరు మీ వైఫై, ఈ-ఎన్‌తో మొదలయ్యేది వైరు. వైఫై కింద ‘కరెంట్ డీఎన్ఎస్ సర్వర్’ అనే వరుస చూడండి. మీ ఇంట్లో అక్కడ 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుందని నా అంచనా. అది మీ రౌటర్, మన కథలో పాలబూత్. వైఫైకి కలిసినప్పుడల్లా రౌటర్ మీ లాప్‌టాప్‌కు ఒక ఐపీ నంబరు ఇచ్చి, "పేర్లు అడగాలంటే నన్ను అడుగు" అని తన నంబరు కూడా చేతిలో పెడుతుంది. మీ అబ్బాయి ఏమీ సెట్ చేయకపోయినా అది అక్కడికి వచ్చింది ఇలాగే. దాని కిందే ఎఫ్ఈ80తో మొదలయ్యే పొడుగాటి అడ్రసు ఒకటి కనబడితే భయపడకండి, అదీ రౌటరే, ఐపీవీ6 అనే కొత్తరకం నంబరు వేషంలో. కాకపోతే ఇది గుర్తుంచుకోండి. రేపు మీరు ఐపీవీ4 (అంటే చుక్కల నంబర్ల పాత రకం) డీఎన్ఎస్ ఒక్కటే మార్చి, ఈ పొడుగాటిదాన్ని అలాగే వదిలేస్తే, ప్రశ్నలు కొన్ని పాత దారినే పోతుంటాయి. "మార్చాను కానీ మారలేదు" అని నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటికి కారణం ఇదే.

కేబుల్ అబ్బాయి 8.8.8.8 పెట్టింది రౌటర్ లోపల. లాప్‌టాప్‌కు రౌటర్ వరకే తెలుసు, రౌటర్ ఎవరిని అడుగుతుందో తెలియదు. కాబట్టి స్టేటస్‌లో రౌటర్ నంబరే ఉంటే 8.8.8.8 మీకు లాప్‌టాప్‌లో ఎక్కడా కనబడదు. వాడి మాట నిజమో కాదో తేల్చాలంటే పోస్ట్‌మ్యాన్ దగ్గరికే వెళ్లి "మా వీధి తరఫున మిమ్మల్ని అడిగిందెవరు?" అనాలి. దానికి ఒక చిట్కా ఉంది. ‘రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ’ అని కొట్టి, ఖాళీ వదిలి, ‘వూయామ్ఐ డాట్ అకమాయ్ డాట్ నెట్’ అనే పేరు కొట్టండి. "నేనెవర్ని?" అన్న ఇంగ్లిష్ మాటల్ని కలిపేసి రాసిన పేరది, డాట్ అన్నచోట చుక్క పెట్టాలి. ఆ పేరును ఎవరడిగితే వాళ్ల నంబరునే జవాబుగా తిప్పి పంపేలా అకమాయ్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు పెట్టారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. గూగుల్ డీఎన్ఎస్ వాడుతున్నా జవాబుగా 8.8.8.8 రాదు. అది ముందు తలుపు, మన ప్రశ్నలు తీసుకునేది అక్కడ. గూగుల్ వాళ్లు బయటికెళ్లి అడిగేది వెనక తలుపులోంచి. 74.125తోనో 172.253తోనో మొదలయ్యే నంబరు వస్తే అది గూగుల్‌దే, కుర్రవాడి మాట నిజమే. అవేవీ కాకుండా మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ నంబరు వస్తే, ఆ అబ్బాయి సేవ్ నొక్కడం మరిచిపోయి ఉండాలి, లేదా దారిలో ఎవరో మీ ప్రశ్నను పట్టుకుని తామే అడిగి జవాబిస్తుండాలి. మామూలు డీఎన్ఎస్ ప్రశ్న పోస్టుకార్డు లాంటిది. దారిలో ఎవరైనా చదవచ్చు, కావాలంటే జవాబూ రాయచ్చు.

ఇంతవరకూ ఇస్త్రీ ఆయన గురించే. కొరియర్ అబ్బాయి ఒక్కోసారి ఆయన్ని అసలు అడగడు, సొంత ఫోన్ తీసి ఎవరికో చేస్తాడు. ఫైర్‌ఫాక్స్‌లో ‘డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ ఆన్‌లో ఉంటే ఇదే జరుగుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో కిందికి వెళ్తే ఉంటుంది. ఆన్‌లో ఉంటే ఫైర్‌ఫాక్స్ మీ రౌటర్‌నీ 53నీ పక్కన పెట్టి, ప్రశ్నను కవరులో పెట్టి అంటించి నేరుగా క్లౌడ్‌ఫ్లేర్ లాంటి డీఎన్ఎస్ నడిపే కంపెనీలకు పంపుతుంది. ఏ పేరు ఏ దారిన వెళ్లిందో చూడాలంటే అడ్రసు పట్టీలో ‘అబౌట్’ కొట్టి, రెండు చుక్కల గుర్తు పెట్టి, ‘నెట్‌వర్కింగ్’ అని కొట్టండి. అక్కడ డీఎన్ఎస్ అనే పేజీలో టీఆర్ఆర్ అని ఒక గడి ఉంటుంది. ట్రూ అని ఉంటే ఫైర్‌ఫాక్స్ సొంతంగా అడిగింది, ఫాల్స్ అని ఉంటే ఇస్త్రీ ఆయన్నే అడిగింది. అందుకే "మీ కంప్యూటర్‌కు డీఎన్ఎస్ ఏది?" అని ఎవరైనా అడిగితే నేను "ఏ ప్రోగ్రామ్‌కు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. మా ఇంట్లోవాళ్లకు ఇది చిరాకు.

ఇక బ్యాంకు. ముందొక మాట: ఫోన్‌లో తెరుచుకున్నప్పుడు ఫోన్ మీ ఇంటి వైఫై మీద ఉందా, సిమ్ డేటా మీద ఉందా? సిమ్ మీదైతే దారే వేరు, ఆ పోలికకు అర్థం లేదు. వైఫైకి కలిపి మళ్లీ చూడండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంది. అందులో ఎవరి పేరైనా రాసి ఉంటే ఫోన్ కూడా రౌటర్‌ను అడగదు. తర్వాత లాప్‌టాప్‌లో ఇందాకటి క్వెరీ కమాండుకు బ్యాంకు సైటు పేరు ఇవ్వండి. ఏదో ఒక నంబరు వచ్చిందంటే పేరును నంబరుగా మార్చే పని జరుగుతోందన్నట్టే. ఆ నంబరు ఫోన్‌లో వచ్చినదానికంటే వేరుగా ఉన్నా కంగారు పడకండి, పెద్ద సైట్లు ఒక్కో చోటివాళ్లకు ఒక్కో నంబరిస్తాయి. నంబరు వచ్చి పేజీ రాకపోతే తప్పు మరెక్కడో ఉంది. తెర మీద ‘సర్టిఫికెట్’ (సైటు అసలుదేనని చెప్పే, గడువు తేదీలున్న పత్రం) అన్న మాట గానీ కనబడితే లాప్‌టాప్ తేదీ చూడండి. పాత లాప్‌టాప్ అన్నారుగా, లోపలి నాణెం బ్యాటరీ అయిపోతే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు మామూలు సైట్లు కూడా మొరాయిస్తాయి. క్రోమ్‌లో ‘ఎన్ఎక్స్‌డొమైన్’ అన్న పొడుగాటి మాట వస్తే మాత్రం అది డీఎన్ఎస్ జవాబే: అలాంటి పేరు లేదని. బ్యాంకు పేరులో అక్షరం తప్పు పడిందేమో మరోసారి చూసుకోండి.

అన్నీ సరిగ్గానే ఉండి ఒక్క సైటే తెరుచుకోకపోతే చూడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. నా పరువు తీసిన చోటు అది, చెబుతాను. రాయపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో సిస్టమ్స్ చూసుకునేదాన్ని. ప్రెస్సు సైటును కొత్త సర్వర్‌కు మారుస్తూ, అందరికంటే ముందు నేను చూసుకోవాలని, నా మెషీన్‌లో ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైల్లో సైటు పేరు, కొత్త నంబరు రాసుకున్నాను. పని అయిపోయింది, ఆ వరుస మరిచిపోయాను. రెండేళ్ల తర్వాత సైటు ఇంకో సర్వర్‌కు మారింది. ఊళ్లో అందరికీ తెరుచుకుంటోంది, నాకు ఒక్కదానికే తెరుచుకోవడం లేదు. మూడు రోజులు బ్రాడ్‌బ్యాండ్ కస్టమర్ కేర్ వాళ్లతో పోట్లాడాను. రౌటర్ మార్చమన్నాను. రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొత్త రౌటర్ కొనుక్కుని కూడా వచ్చాను. డిగ్ అనే కమాండుతో చూస్తే కొత్త నంబరు, పింగ్‌తో చూస్తే పాత నంబరు. అప్పటి నా డెబియన్ లినక్స్‌లో ఈ రిజాల్వ్‌డ్ లేదు. డిగ్ నేరుగా డీఎన్ఎస్‌ను అడుగుతుంది. పింగూ బ్రౌజరూ ముందు హోస్ట్స్ ఫైలు చూసుకుని, అందులో లేకపోతేనే బయటికి వెళ్తాయి. ఆ తేడా కళ్ల ముందే ఉన్నా తట్టలేదు. మూడో రోజు రాత్రి హోస్ట్స్ ఫైలు తెరిస్తే ఆఖరి వరుస పక్కన నేను రాసుకున్నదే: "టెస్టింగ్. రేపు తీసేయాలి."

మీ ఉబుంటులో అయితే ఆ ఇస్త్రీ ఆయన హోస్ట్స్ ఫైలు కూడా చదివేస్తాడు. డిగ్‌తో ఆయన్ని అడిగినా అదే పాత నంబరు చెబుతాడు. నాకు దొరికిన ఆ తేడా కూడా మీకు దొరకదు. కాబట్టి ఆ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. లోకల్‌హోస్ట్, మీ లాప్‌టాప్ పేరు, ఐపీవీ6 తాలూకు నాలుగైదు వరుసలు ఉంటే సరే. బ్యాంకు పేరు ఉంటే పుణెకు ఫోన్ చేయండి. అన్నట్టు ఈ హోస్ట్స్ ఫైలు డీఎన్ఎస్‌కు అమ్మమ్మ. ఒకప్పుడు నెట్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లూ ఒకే ఫైల్లో ఉండేవి. దాన్ని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రాసి పెడితే అందరూ దించుకునేవారు. కంప్యూటర్లు పెరిగి ఆ పద్ధతి సాగక, 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించాడు. మనవరాలు వచ్చినా అమ్మమ్మ మాటే ముందు చెల్లుతుంది, మీ ఇంట్లో ఎలాగో గానీ లినక్స్‌లో అంతే.

ఒక్క బతిమాలుడు. ఆ రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో చేత్తో 8.8.8.8 రాయకండి. ఉబుంటులో అది మామూలు ఫైలు కాదు, రిజాల్వ్‌డ్ తయారుచేసే ఇంకో ఫైలుకు లింకు. మీరు రాసింది లాప్‌టాప్ ఆపి మళ్లీ వేసేసరికి ఉండదు. మార్చాలనిపిస్తే వైఫై సెట్టింగుల్లో మీ కనెక్షన్ పక్కనున్న చక్రం గుర్తు నొక్కి, ఐపీవీ4లోనూ ఐపీవీ6లోనూ డీఎన్ఎస్ ఎదురుగా ఆటోమేటిక్ తీసేసి అక్కడ రాయండి.

ప్రశ్న: అక్కా, మాది అంబత్తూరు. డెబియన్ వాడతాను. యాడ్స్ రాకుండా రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్‌లో పై-హోల్ (యాడ్స్ సైట్ల పేర్లకు జవాబివ్వని డీఎన్ఎస్) పెట్టుకుని, దాన్ని మొదటి డీఎన్ఎస్‌గా, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1ను రెండోదిగా ఇచ్చాను. వారం నుంచి ఆ పై చెడిపోయి ఉంది. రెండోది ఉందిగా, నడవాలి. కానీ ఏ సైటుకెళ్లినా ముందు కాసేపు ఆగి తర్వాత వస్తోంది. ఎందుకు?

జవాబు: తమ్ముడూ, ఆ ‘కాసేపు’ను వాచీ పెట్టి చూశావా? ఐదు సెకన్లు ఉంటుంది. లినక్స్‌లో పేర్లు వెతికే మామూలు లైబ్రరీ (ప్రోగ్రామ్‌లన్నీ పంచుకునే కోడు) మొదటి వరుసలో ఉన్నవాణ్ణి అడిగి, జవాబు కోసం ఐదు సెకన్లు ఎదురుచూసి, అప్పుడు రెండోవాడి దగ్గరికి వెళ్తుంది. సరే, మొదటివాడు పోయాడని గుర్తుపెట్టుకుంటుందా అంటే పెట్టుకోదు. తర్వాతి పేరుకు మళ్లీ మొదటివాడి గుమ్మంలోనే నిలబడుతుంది. ఒక పేజీలో పది చోట్ల నుంచి బొమ్మలు వస్తుంటే ఇక చూసుకో. రిజాల్వ్‌డ్ ఉన్న ఉబుంటులో ఈ బాధ తక్కువ. పలికినవాణ్ణి పట్టుకుని వాడితోనే కొనసాగుతుంది. స్టేటస్‌లో ‘కరెంట్’ అని విడిగా చూపించేది వాణ్ణే.

పై బాగుపడేదాకా ఆ మొదటి వరుస తీసేయి. బాగుపడ్డాక 1.1.1.1ను రెండోదిగా ఉంచకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పై కాస్త ఆలస్యం చేసినప్పుడల్లా ప్రశ్న 1.1.1.1కు పోతుంది, అక్కడ యాడ్స్‌ను ఆపేవాళ్లు లేరు. అప్పుడు "పై-హోల్ సరిగా పనిచేయడం లేదక్కా" అని ఇంకో ఉత్తరం రాస్తావు. పిల్లల కోసం 1.1.1.3 (పెద్దల సైట్లను ఆపే క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్ఎస్) పెట్టి పక్కన 8.8.8.8 రాసుకునేవాళ్లదీ ఇదే కథ. ఇంకోటి, రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో మూడు నేమ్‌సర్వర్ల (అంటే డీఎన్ఎస్ నంబర్ల) వరకే లెక్క. నాలుగోది రాస్తే ఎవరూ తిట్టరు, అలాగని చదవరు కూడా.

ప్రశ్న: మేడమ్, మాది టీ నగర్. నా ప్లాన్ 40 ఎంబీపీఎస్. 8.8.8.8 పెడితే సినిమాలు త్వరగా డౌన్‌లోడ్ అవుతాయని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. డౌన్‌లోడ్ మొదలవకముందే డీఎన్ఎస్ పని అయిపోతుంది, అదీ సెకనులో చిన్న ముక్కలో. ఒక్క సందర్భం ఉంది: మీరు వాడే డీఎన్ఎస్ దూరదేశంలో ఉంటే, కొన్ని వీడియో సైట్లు మీరూ అక్కడే ఉన్నారనుకుని దూరపు సర్వర్ నంబరు ఇస్తాయి, అప్పుడు నెమ్మదిస్తుంది. అంటే మార్చడం వల్ల వేగం తగ్గొచ్చు గానీ, 40 అన్న ప్లాను 41 కాదు.